మూడో ఏటి వంతు

వెండెల్ పోయాక ఆయన బట్టలు చర్చికి ఇచ్చేశాను. మంచు బూట్లు పక్కింటివాళ్లకు ఇచ్చేశాను. ఫోన్ మాత్రం ఆపించలేదు. వంటింటి గట్టు మీద, రొట్టెల డబ్బా పక్కన, ఛార్జింగ్ తీగకు తగిలించి ఉంచాను. రోజుకు ముప్పై నలభై సార్లు అది గుర్రుమనేది. ఆ మార్చి నెలంతా మా ఊరు షెబోయ్‌గన్‌లో సరస్సు మీంచి తడిగాలి వీస్తూనే ఉంది. ఇంట్లో ఆ గుర్రు తప్ప వేరే అలికిడి లేదు. మాకు పిల్లలు లేరు.

వచ్చే కబుర్లన్నీ ఒకే గుంపువి. పన్నెండుమంది మగవాళ్లు పద్ధెనిమిదేళ్లుగా ఆడుతున్న కాగితం ఫుట్‌బాల్ అది, చేత్తో బంతి విసిరి పట్టుకునే మా దేశపు ఫుట్‌బాల్. ఒక్కొక్కరికీ ఒక ఉత్తుత్తి జట్టు ఉంటుంది. అందులో పేర్లు మాత్రం నిజం ఆటగాళ్లవి. ఆదివారం నాడు ఆ ఆటగాడు నిజం మైదానంలో ఎంత బాగా ఆడితే, ఇక్కడ వీళ్లకు అన్ని పాయింట్లు. ఊళ్లో చాలామంది ఇలాంటివి ఆడతారు, ఏడాది తిరగ్గానే జట్లు చెరిపేసి మళ్లీ మొదలుపెడతారు. వీళ్లది అలా కాదు. ఒకసారి ఎంచుకున్న ఆటగాడు ఆట మానేసేదాకా నీవాడే. జట్టు కూడా అంతే, వదులుకునేదాకా నీదే. ఏటా మే నెలలో, కాలేజీల నుంచి కొత్తగా వచ్చిన కుర్రాళ్లను విడతలుగా, విడతకు ఒక్కొక్కరు ఒక వంతు చొప్పున పంచుకుంటారు. అట్టడుగున ఉన్నవాడికి ముందు వంతు, గెలిచినవాడికి చివరి వంతు. ఆటగాళ్లను ఇచ్చి వంతులు తీసుకోవచ్చు, వంతులిచ్చి ఆటగాళ్లను తీసుకోవచ్చు. రాబోయే మూడేళ్ల వంతుల దాకా బేరం నడుస్తుంది.

ముప్పై ఒక్కేళ్ల కాపురంలో ఆ ఆట గురించి నాకు తెలిసింది ఇంతే. వెండెల్ కౌంటీ రోడ్ల శాఖలో మంచు తోసే బండి నడిపేవాడు. మాటలు తక్కువ మనిషి అని నా నమ్మకం. పోయిన పదో రోజున ఆ ఫోన్ తెరిచి పాత కబుర్లు చదివితే, ఆయనకు మాటలేమీ తక్కువ లేవని తెలిసింది. మా తమ్ముడు పడవ కొనడం గురించి ఉంది. కుడి మోకాలి నొప్పి గురించి ఉంది. నా గురించి కూడా ఉంది. 'ఆర్లీన్ ఫ్రీజర్‌లో ఐసు ముక్కలకు కూడా తేదీ రాస్తుందిరా' అని. దాని కింద పదకొండుమంది నవ్వులు.

ఐసు ముక్కలకు నేనెప్పుడూ తేదీ రాయలేదు. సూప్‌కు రాస్తాను.

కోపం రాలేదంటే అబద్ధం. కానీ మర్నాడు మళ్లీ చదివాను. ఆ మర్నాడూ చదివాను. డిసెంబరు చివరివి, జనవరివి మాత్రం లేవు, ఎందుకో ఆయన చెరిపేసినట్టున్నాడు. పాతవి అయిపోయాక కొత్తవి వచ్చేదాకా ఎదురుచూడటం మొదలుపెట్టాను. డెన్నీ అనే ఆయన రోజూ ఎవరినో ఒకరిని కెలికేవాడు. చెంగ్ మువా అనే ఆయన తక్కువ రాసేవాడు, రాస్తే అందరూ నోరు మూసుకునేవారు. నార్బ్ అందరిలో పెద్ద, డెబ్భై రెండేళ్లుంటాయి. బడి బస్సులను వేళకు పంపించే ఉద్యోగం చేసి రిటైరయ్యాడు, ఈ ఆటలో కూడా అదే పని చేసేవాడు. నియమాల పుస్తకం ఆయన దగ్గరే ఉంటుంది. వాళ్లు పొద్దున్నే ఆరుకు మొదలుపెట్టేవారు. నేను కాఫీ కలుపుకుని ఫోన్ పక్కన కూచునేదాన్ని. నేను చదువుతున్నట్టు వాళ్లకు తెలియదు.

మార్చి చివర ఒక మధ్యాహ్నం డెన్నీ రాశాడు. 'ఇంతకీ వెండెల్ జట్టు సంగతేంటి? అనాథ జట్టును ఎన్నాళ్లు పెట్టుకుంటాం? మా అల్లుడు రెండేళ్ల నుంచి వరసలో నిలబడి ఉన్నాడు.'

నార్బ్ రాశాడు. 'కాస్త ఆగరా. నెల తిరిగిందో లేదో.'

'నేనేం కాని మాటన్నాను? మేలో పంపకం ఉంది. వాడొస్తే వెండెల్ నంబరు తీసేసి వాడిది చేర్చాలి కదా.'

నేను గిన్నెలు కడుగుతున్నాను. నంబరు తీసేస్తే ఫోన్ మూగబోతుంది. నా బుర్రలోకి ముందు వచ్చింది అదే, జట్టు సంగతి కాదు. చేతులు తుడుచుకుని, ఆ ఫోన్‌లో మొదటిసారి నా వేళ్లతో రాశాను.

'ఆ జట్టు అనాథ కాదు.'

పంపించాక గాని తట్టలేదు, అది వాళ్లకు ఎవరి పేరుతో కనిపిస్తుందో.

తొమ్మిది నిమిషాలు ఎవరూ పలకలేదు. గడియారం చూస్తూ లెక్కపెట్టాను. తర్వాత ఇంటి ఫోన్ మోగింది.

"ఆర్లీన్?" నార్బ్ గొంతు సన్నగా వచ్చింది. "నువ్వేనా తల్లీ?"

"నేనే. ఇంకెవరనుకున్నావు?"

"నేనేమీ అనుకోలేదు. డెన్నీ మాత్రం గరాజ్‌లో నేల మీద కూలబడ్డాడట. వాళ్లావిడ ఫోన్ చేసింది."

"కూచోనీ. చల్లగా ఉంటుంది."

ఆయన నవ్వాడు. నవ్వు సగంలో ఆపేసి, "జట్టు నువ్వు చూసుకుంటావా?" అన్నాడు.

"చూసుకోకూడదని రాసి ఉందా?"

"లేదు. కానీ పంపకం రోజున మనిషి వచ్చి కుర్చీలో కూచోవాలి. పేర్లు రాసి పంపిస్తే చెల్లదు. ఒకడు కాలు విరిగితే కర్రలతో వచ్చాడు. ఒకడు సొంత కూతురి పెళ్లి మధ్యలోంచి లేచి వచ్చాడు, ఆ తల్లీకూతుళ్లు వాడితో ఏడాది మాట్లాడలేదు. కుర్చీ ఖాళీగా ఉంటే ఆ ఏటి వంతులు మురిగిపోతాయి. మొదటి ఏడు పట్టుబట్టి ఆ నియమం రాయించింది వెండెలే." కాస్త ఆగి, "నీకు ఆట తెలుసా?" అన్నాడు.

"చదవడం తెలుసు," అన్నాను.

*

ఏప్రిల్ అంతా కింద గదిలో గడిపాను. వెండెల్ కంప్యూటర్, పాత సోఫా కుర్చీ, నీలం అట్ట నోటుపుస్తకాలు పద్ధెనిమిది. కాలేజీలో నేను చదివింది చరిత్ర. ఎవరో వదిలేసి వెళ్లిన కాగితాల్లోంచి మనిషిని పట్టుకోవడం నాకు కొత్త కాదు. కొత్త కుర్రాళ్ల గురించి ఆయన ఎలా రాసుకునేవాడో చూశాను. పరుగు ఎంత, ఎత్తు ఎంత లాంటివి తక్కువ. 'బంతి జారవిడిచాక తల దించుకోలేదు.' 'వాళ్లమ్మ ప్రతి ఆటకూ వస్తుంది.' 'గెలిచినప్పుడు మరీ గంతులేస్తాడు, వద్దు.' అక్షరాలు గుండ్రంగా, ఒక్క కొట్టివేత లేకుండా ఉన్నాయి. ఇంట్లో సరుకుల చీటీ కూడా అంత శ్రద్ధగా రాసిన మనిషి కాదు.

ప్రతి పుస్తకం మొదటి పేజీలోనూ ఒకే వాక్యం, కింద మూడు గీతలు. 'ముందు ఏళ్ల వంతులు ఎవరికీ ఇవ్వొద్దు.'

కంప్యూటర్‌లో చూస్తే, మా జట్టు మొదటి విడత వంతులు ఈ ఏటిది, వచ్చే ఏటిది, ఆ పై ఏటిది, మూడింటికి మూడూ చెంగ్ మువా పేరు మీద ఉన్నాయి. ఎందుకిచ్చాడో నోటుపుస్తకంలో లేదు. పద్ధెనిమిదో పుస్తకంలో అక్టోబరు తర్వాత పేజీలన్నీ ఖాళీ.

ఆ కంప్యూటర్‌ను అంతకు ముందు నేను ముట్టుకున్నది ఒక్కసారే, డిసెంబరు చివరి ఆదివారం. ఆ తెల్లవారుజామున మంచు పడింది. వెండెల్‌ను పనికి పిలిచారు. పదకొండు గంటలకు ఫోన్ చేశాడు. బండి ఇంజను హోరులో గట్టిగా అరుస్తున్నాడు. "కిందకెళ్లు. పట్టికలో కింద టెల్ఫర్ అని ఉంటాడు. వాణ్ణి పైకి జరుపు. పైన బ్రైస్ అని ఉంటాడు, వాడి చోట్లో పెట్టు. పన్నెండు లోపల, ఆట మొదలయ్యే ముందే."

"మూడోసారి చెబుతున్నావు, అర్థమైంది," అన్నాను.

వెళ్లి టెల్ఫర్‌ను పట్టుకుని పైకి జరిపాను. బ్రైస్ కిందకు జారాడు. అక్షరం అక్షరం చూసుకుని, ఓవెన్‌లో బంగాళాదుంపలు మాడతాయని పైకి వచ్చేశాను. చీకటి పడే వేళకు ఆయన ఇంటికొచ్చి, బూట్లతోనే కిందకు దిగి, చాలాసేపటికి గాని పైకి రాలేదు. వచ్చి భోజనానికి కూచున్నాడు.

"పోయింది," అన్నాడు.

"ఏది?"

"ఆట. ఆఖరిది."

"పోతే పోనీ. వచ్చే ఏడు చూసుకుందువు గాని."

వెండెల్ నన్ను చూశాడు. "ఊఁ," అన్నాడు. ఇంకొన్ని దుంపలు వడ్డించమని పళ్లెం చాపాడు.

పది రోజుల తర్వాత, జనవరి తొమ్మిదిన, క్లోమంలో క్యాన్సర్ గడ్డ ఉందని చెప్పాడు. డాక్టర్లు అంతకు ముందు వారమే కనుక్కున్నారన్నాడు. ఫిబ్రవరి ఇరవైన పోయాడు.

*

మే నెల మూడో శనివారం డెన్నీ గరాజ్‌లో పంపకం. కార్లు బయటపెట్టి, లోపల నాలుగు బల్లలు కలిపి, చుట్టూ మడత కుర్చీలు పన్నెండు వేశారు. వాకిట్లో బొగ్గుల మీద సాసేజ్‌లు కాలుతున్నాయి. గోడకు పెద్ద కాగితం అంటించి, గళ్లు గీసి ఉంచారు. నేను ఉల్లిపాయలు వేయించి పెద్ద గిన్నెడు తీసుకెళ్లాను. నన్ను చూడగానే అందరూ లేచి నిలబడ్డారు. చర్చిలో నిలబడ్డట్టు నిలబడ్డారు. ఎవరికీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"కూచోండి," అన్నాను. "నేనేమీ పాటలు పాడించడానికి రాలేదు."

నాకు ఆయన కుర్చీ చూపించారు. వీపు మీద అంటించిన కాగితం ముక్క మీద 'వెండెల్' అని ఉంది. కూచునే చోట ఒక టోపీ. వేటగాళ్లు పెట్టుకునే నారింజ రంగుది, చెవుల మీదకు దిగే రెక్కలున్నది, బాగా పాతబడ్డది.

నార్బ్ గిరుక్కున వెనక్కి తిరిగాడు. "డెన్నీ, ఎవరు పెట్టారిది?"

"డబ్బాలో టోపీకి వెండెల్ పేరు చీటీ తగిలించి ఉంటే అలాగే..." డెన్నీ పరిగెత్తుకొచ్చాడు. "మా ఆవిడ సర్దింది. ఆమెకు తెలియదు ఆర్లీన్. ఇలా ఇచ్చెయ్యి."

నేను టోపీ చేతిలోకి తీసుకున్నాను. "ఏమిటిది?"

చివరికి చెంగ్ చెప్పాడు. నలభై దాటిన మనిషి, లారీల రిపేరు షెడ్డు ఉంది. చేతి గోళ్ల చుట్టూ ఎంత కడిగినా పోని నలుపు.

"అంతకు ముందు ఏడాది ఎవరు పెద్ద పొరపాటు చేస్తే వాళ్లు పంపకం పూర్తయ్యేదాకా అది పెట్టుకోవాలండీ. ఏటా ఓట్లు వేసుకుంటాం. ఈసారి జనవరి మొదట్లోనే వేసేశాం. అప్పటికి మాకేమీ తెలియదు."

"ఏం పొరపాటు?"

"ఆర్లీన్, వదిలెయ్," అన్నాడు నార్బ్.

"ఏం పొరపాటు చేశాడు ఆయన?"

"ఆఖరి ఆటలో టెల్ఫర్‌ను ఆడించలేదు," అన్నాడు చెంగ్. "వాణ్ణి పట్టికలో కిందే, బెంచీ మీదే ఉంచేశాడు. బెంచీ మీదున్నవాడి పాయింట్లు లెక్కలోకి రావు. ఆ రోజు టెల్ఫర్‌కు ఇరవై రెండు పాయింట్లు. బ్రైస్‌కు మూడు. వెండెల్ ఓడింది నాలుగు పాయింట్ల తేడాతో."

"మేము మొదట నమ్మలేదు," డెన్నీ నేల చూస్తూ అన్నాడు. "ఏరా, నిద్రపోయావా అని అడిగాం. 'బండి మీదున్నాను, మర్చిపోయాను, ముసలాణ్ణయ్యాను' అన్నాడు. వారం రోజులు ఏడిపించాం వాణ్ణి. నోరెత్తలేదు."

పన్నెండు లోపల, అన్న గొంతు నాకు వినిపించింది. పట్టిక అడుగున బూడిదరంగులో చిన్న మీట ఒకటి ఉండటం గుర్తొచ్చింది. ఏప్రిల్‌లో నోటుపుస్తకంలోంచి చూసి నేర్చుకున్నాను, ఏ మార్పు చేసినా ఆఖర్న అది నొక్కితేనే నిలుస్తుందని. నేర్చుకున్న రోజున అది మామూలు సంగతిలాగే అనిపించింది. డిసెంబరులో నేను దాన్ని నొక్కలేదు.

చర్చి వారపత్రంలో ఒక కామా తప్పిపోతే పాస్టర్ గారికి ఫోన్ చేసే మనిషిని నేను. వెండెల్‌కు అది తెలుసు.

టోపీ తల మీద పెట్టుకున్నాను. కొంచెం వదులైంది. రెక్కలు కిందకు లాక్కుని కుర్చీలో కూచున్నాను.

"ఆయన మర్చిపోలేదు," అన్నాను. "ఫోన్ చేసి నాకు చెప్పాడు. నేను జరిపాను గాని కింద మీట నొక్కలేదు. ఇది నాదే."

బయట సాసేజ్ కొవ్వు బొగ్గుల మీద పడి చిటపటలాడింది. కాసేపటికి నార్బ్ కళ్లద్దాలు తుడుచుకుని, పుస్తకం తెరిచి, "మొదటి విడత, మొదటి వంతు," అన్నాడు.

*

మొదటి విడతలో నాకు పనిలేదు. మా వంతు చెంగ్ చేతిలో ఉంది. ఒక్కొక్కరూ లేచి, గోడ దగ్గరకు నడిచి, పేరు రాసిన అట్టముక్క అంటించి వచ్చారు. మిగతావాళ్లు ఈలలు వేశారు.

"వాణ్ణా? వాడి మోకాలికి ఇప్పటికే మూడు కుట్లు."

"నీ మోకాలికి ఎన్ని ఉన్నాయో చూసుకోరా ముందు."

"పోయినేడు నువ్వు తెచ్చుకున్నవాడు ఇప్పుడు ఇన్సూరెన్సు అమ్ముతున్నాడు. ఫోన్ చెయ్, ఇంటికొచ్చి కాగితాలు ఇస్తాడు."

ఇవే మాటలు నేను రోజూ చదువుతున్నాను. చెవితో వినడం వేరుగా ఉంది. గొంతులు నేననుకున్నట్టు లేవు. డెన్నీ గొంతు లావుగా ఉంటుందనుకున్నాను, కీచుగా ఉంది.

పదకొండో వంతుకు నార్బ్ ఆగాడు. "వెండెల్‌ది. చెంగ్ చేతిలో ఉంది."

చెంగ్ లేవలేదు. నా పక్క కుర్చీలోకి జరిగి, గొంతు తగ్గించాడు. "ఆర్లీన్ గారూ, ఇది మీరు తీసుకోండి. మూడేళ్లవీ తీసేసుకోండి. పోయిన శీతాకాలం నుంచీ నా మనసు ఒప్పుకోవడం లేదు."

"ఎందుకు ఒప్పుకోదు? బేరమే కదా."

"వెండెల్ ఏనాడూ ముందు ఏళ్ల వంతు ఇచ్చిన మనిషి కాదు. పద్ధెనిమిదేళ్లలో ఒక్కటీ ఇవ్వలేదు. ఉన్నట్టుండి ఫోన్ చేసి, మూడేళ్లవీ తీసుకో, టెల్ఫర్‌ను నాకియ్యి అన్నాడు. నేను నవ్వాను. వాడికి ముప్పై ఒకటి, రేపో మాపో ఆట మానేస్తాడు, వాడి కోసం మూడేళ్లు పారేసుకుంటావా అన్నాను. 'ఈ ఏడు గెలవాలనుంది. ముందువి నాకు అక్కర్లేదులే' అన్నాడు."

"ఎప్పుడు చేశాడు ఫోన్?"

"అక్టోబరు పదమూడు. మిల్వాకీ నుంచి. వెనక ఎవరినో పేర్లు పెట్టి పిలుస్తున్నారు, డాక్టరు ఫలానా, డాక్టరు ఫలానా అని. ఆసుపత్రిలో ఏం పని అంటే, బండి లైసెన్సుకు పరీక్షలు చేస్తున్నారన్నాడు."

నాతోనూ లైసెన్సు పరీక్షలనే చెప్పాడు. సాయంత్రం వస్తూ దారిలో నాకోసం ఆపిల్ పళ్ల బుట్ట తెచ్చాడు. నేను పళ్లు ఉడికించి సీసాల్లో పోసి, మూతల మీద తేదీ రాశాను. అక్టోబరు పదమూడు. ఇంకా నాలుగు సీసాలు ఉన్నాయి.

అక్టోబరు, నవంబరు, డిసెంబరు. మూడు నెలలు ఆయన ఒక్కడే మోసుకు తిరిగాడు. 'వచ్చే ఏడు చూసుకుందువు గాని' అని నేనన్నప్పుడు నా ఎదురుగా కూచుని దుంపలు తింటున్నాడు.

"మీకు తెలుసనుకున్నాను," అన్నాడు చెంగ్.

"ఇప్పుడు తెలిసింది." పళ్లెంలో రొట్టె చల్లారిపోయింది. అది పక్కకు జరిపాను. "నీ వంతు. వెళ్లి పేరు అంటించు."

"మరి ఈ మూడేళ్లవీ..."

"ఆయన చేసిన బేరం అది. ఊరికే వెనక్కి తీసుకోను."

చెంగ్ లేచి వెళ్లి పేరు అంటించి వచ్చాడు. ఎవరూ ఈల వేయలేదు. రెండో విడత మొదలైంది. నా వంతు వచ్చినప్పుడు గోడ దాకా నడిచి, నేను ఎంచుకున్న కుర్రాడి పేరు అంటించాను. ఒహాయోలో చిన్న కాలేజీవాడు, పేరు తెడ్ఫర్డ్. నోటుపుస్తకంలో వాడి మీద ఒకే ముక్క ఉంది. 'అవతలివాడు పడిపోతే చెయ్యిచ్చి లేపుతాడు.' అక్టోబరు ముందు రాసినవాటిలో అది చివరిది.

"ఆర్లీన్, వాడికి పరుగే రాదు," అన్నాడు డెన్నీ వెనకనుంచి. అని నాలుక కరుచుకున్నాడు.

"నీ పరుగు సంగతి విన్నానులే," అన్నాను. "మార్చిలో. మీ ఆవిడ చెప్పిందట, నా కబురు చూసి గరాజ్ గుమ్మం కూడా దాటలేక కూలబడ్డావని."

నార్బ్‌తో మొదలై బల్ల చుట్టూ నవ్వు తిరిగింది. డెన్నీ మెడ దాకా ఎర్రబడి, తనే అందరికన్నా ఎక్కువసేపు నవ్వాడు.

తిరిగొచ్చి చెంగ్ పక్కన కూచున్నాను. "నీకు బంతి విసిరేవాడు కావాలి కదా. నీవాడి భుజం ఆపరేషన్ అయింది, ఆగస్టుకు లేవడు."

"మీకెలా తెలుసు?"

"రోజూ మీరు రాసుకుంటారుగా. నా దగ్గర ప్రిచెట్ ఉన్నాడు. తీసుకో. మా మూడో ఏటి వంతు నాకివ్వు."

అవతలినుంచి నార్బ్ విన్నాడు. "ఆర్లీన్, తొందరపడకు. ప్రిచెట్‌కు ఇరవై ఆరు. వాడి కోసం ఎవరైనా వచ్చే ఏటి వంతు ఇస్తారు, పైన ఇంకోటి వేసి ఇస్తారు. మూడో ఏటిది ఇవాళ సగం విలువ కూడా చెయ్యదు."

"నన్నడిగితే రెండిచ్చేవాణ్ణి," అన్నాడు డెన్నీ.

"నిన్నడగలేదు. నాకు ఆ మూడోదే కావాలి."

"దాని కోసం మూడో ఏడు ఇక్కడికి రావాలి మరి," అన్నాడు నార్బ్. ఆయన నావైపు కాదు, పుస్తకం వైపు చూస్తున్నాడు. "మనిషి కుర్చీలో ఉండాలి. లేకపోతే మురిగిపోతుంది."

"ఉంటాను."

"మధ్యలో ఏడు కూడా."

"నాకు లెక్క వచ్చు నార్బ్."

చెంగ్ చెయ్యి చాపాడు. పట్టుకున్నాను. అరచెయ్యి గరుగ్గా ఉంది. నార్బ్ పుస్తకంలో రాయడానికి చెవి మీది పెన్సిల్ తీశాడు.

"పెన్సిల్ వద్దు," అన్నాను. "పెన్నుతో రాయి."

*

జూన్, జూలై, ఆగస్టు. ఆ వేసవిలో చెప్పుకోవలసింది పెద్దగా లేదు. నా ఫోన్‌లో ఆ గుంపును పెట్టించుకున్నాను. నార్బ్ నా పేరు చేర్చాడు, వెండెల్ పేరు మాత్రం తీసేయలేదు. నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు. కబురు వస్తే ఇంట్లో రెండు ఫోన్లు మోగేవి. ముందు గట్టు మీదది గుర్రుమనేది, అర క్షణం తేడాతో నా జేబులోది. నేను తోటలో ఉన్నా, మేడ మీద ఉన్నా, ఆ మొదటిది వినడానికి చెవి అటే ఉండేది.

రాత్రి భోజనానికి ఇంకా రెండు పళ్లేలు తీసి, ఒకటి వెనక్కి పెట్టేదాన్ని. ఆపిల్ సీసాల్లో ఒకటి విప్పాను. మిగతా మూడూ అలమరలో తేదీ బయటికి కనిపించేలా తిప్పి పెట్టాను, తర్వాత గోడవైపుకు తిప్పాను. టెల్ఫర్ ఆగస్టులో ఆట మానేశాడు. వాడి పేరు జట్టులోంచి తీసేయమని నార్బ్ మూడుసార్లు గుర్తుచేశాడు. ఆఖరి గడువు రోజున తీశాను.

సెప్టెంబరు మొదటి ఆదివారం పొద్దున కిందకు దిగాను. పేర్లు ఒక్కొక్కటీ జరిపాను. బూడిదరంగు మీట నొక్కాను. తెర మీద పచ్చగా ఒక గీత వచ్చి పోయింది. పైకి వెళ్లి, చెయ్యి కడుక్కుని, మళ్లీ కిందకు వచ్చి చూశాను. ఉన్నాయి. పన్నెండు కొట్టేలోగా ఇంకోసారి చూశాను.

ఆట మొదలయ్యే ముందు డెన్నీ రాశాడు. 'ఆర్లీన్, టోపీ భద్రంగా ఉందా? వచ్చే మే నెలకు కూడా నీకే వస్తుంది, పారెయ్యకు.'

'ఉతికి ఆరేశాను,' అని రాశాను. 'నీ తల కొలత చెప్పు, బిగించి కుడతాను.'

వరసగా నవ్వులు మొదలయ్యాయి. నార్బ్‌ది, ఆ తర్వాత మిగతావాళ్లవి. చెంగ్ కూడా ఒకటి పంపించాడు. చేతిలో ఫోన్ ఆగకుండా అదురుతోంది. మెట్ల మీద కూచుని చదువుకుంటున్నాను. చాలాసేపటికి గాని గమనించలేదు, ఒక్కటే మోగుతోంది.

పైకి వెళ్లాను. గట్టు మీద వెండెల్ ఫోన్ నల్లగా పడుంది. ఛార్జింగ్ తీగ దాని దగ్గర లేదు. నిన్న నా ఫోన్‌కు కావలసి వచ్చి నేనే తీసుకెళ్లాను, పడకగదిలో. తిరిగి పెట్టడం మర్చిపోయాను.

తీగ కోసం రెండు అడుగులు వేసి, ఆగాను. కింద టీవీలో జనం అరుస్తున్నారు, ఎవరో బంతి పట్టుకున్నట్టున్నాడు. ఫోన్‌ను ఎత్తి, తెర మీది దుమ్ము ఏప్రాన్ అంచుతో తుడిచి, రొట్టెల డబ్బా పక్కనే పెట్టాను.

ఆట అయ్యాక పెడదామనుకుని, కిందకు దిగాను.